ఇల్లు – ఇల్లాలు: చేపల తొట్టి యున్న యింట ఫ్లీ పురుగుల నివారణము

నిలువయుంచిన ధాన్యమునకు పట్టు పురుగులనుగూర్చి మేము వ్రాసినది చదివి, సోదరి యొకరు మాకు జాబు వ్రాసియున్నారు. తమ యింటి పిల్లివలన ఇల్లంతయు ఫ్లీ పురుగులు వ్యాపించినవట. అదే గదిలో పిల్లలు ముచ్చటపడి పెంచుకొను చేపల తొట్టి యున్నదట. మందు చల్లిన చేపలకేమగునో యని సందేహించి మమ్మడుగుచున్నారు. ఆ సోదరి చేతిలోని సీసాను క్రింద బెట్టి, ముందుగా అడిగినందులకు మేము మిక్కిలి సంతోషించితిమి. ఏలయన, 2023వ సంవత్సరపు వేసవిలో మేము ఎవరినీ అడుగలేదు. దాని ఫలమును మొదట చెప్పి, పిదప ఉపాయమును చెప్పెదము.

మా వారు ఉపాధ్యాయులు. వారి తరగతి పిల్లలు తలకు కొంత వేసికొని, రెండడుగుల గాజుతొట్టి యొకటి కొని, గప్పీలు, మోలీలు కలిపి 14 చేపలను పెంచుచుండిరి. వేసవి సెలవులకు బడి మూయగా ఆ తొట్టి మా యింటికి వచ్చినది. దానితోపాటు ఒక బాలిక కాగితము మీద ప్రతి చేపకును పేరు వ్రాసి, గుర్తు వ్రాసి, మా చేతికిచ్చి, "జాగ్రత్తగా చూడండమ్మా" అని చెప్పి పోయినది. ఆ కాగితమును తొట్టి ప్రక్క గోడకు అంటించితిమి.

ఆ నెలలోనే మా పిల్లి సామానుల గదిలో పాతబొంత మీద నాలుగు కూనలను పెట్టినది. పదునైదు దినములు గడచునప్పటికి ఆ గదిలో కాలు పెట్టిన చీలమండల చుట్టును ఎఱ్ఱని దద్దురులు. అంగడినుండి పురుగులమందు డబ్బా తెప్పించి, తల్లిని, కూనలను పెరటి వసారాలోనికి చేర్చి, చావడిలోని తొట్టిమీద తడిగుడ్డ కప్పి, సామానుల గదిలో మాత్రమే మందు కొట్టి తలుపు వేసితిమి. ఎంతో తెలివిగా చేసితిమని అనుకొంటిమి. రెండు గంటలు గడవకమునుపే చేపలు పిచ్చెత్తినట్లు అటునిటు కొట్టుకొనసాగెను. కొన్ని నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండెను. కొన్ని ప్రక్కకు ఒరిగెను. తెల్లవారునప్పటికి ఐదు చేపలు చచ్చి తేలినవి.

దోషమెక్కడనో మా వారు కనిపెట్టిరి. తొట్టిలో గాలిబుడగలు పుట్టించు పంపు రాత్రులు రొద చేయుచున్నదని, మేమే దానిని సామానుల గది అలమరలో బెట్టి, గొట్టమును కిటికీగుండ చావడిలోనికి తెచ్చియుంటిమి. మేము మందు కొట్టి మూసిన గదిలోని గాలినే ఆ పంపు క్షణక్షణము పీల్చి తొట్టినీటిలోనికి ఊదుచుండెను. పైన కప్పిన గుడ్డ యేమి చేయగలదు? కావున ఈ వ్యాసమునందు మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటియే: గదిలోని గాలియే తొట్టిలోని ఊపిరి. గాలిలో కలిపినదెల్ల నీటిలో కలిపినట్లే యెంచవలెను.

మనుష్యులకు అంతగా హాని చేయని మందు చేపలను ఏల చంపును? అంగడిలో దొరకు పురుగుల మందులలో పెక్కింట పైరెత్రాయిడ్లు అను పదార్థము లుండును. చామంతిజాతి పువ్వులలో నుండు పైరెత్రము ననుసరించి కృత్రిమముగా చేయబడినవి ఇవి. మన దేహము వీనిని త్వరగా విరిచి వెలికి పంపగలదు. చేపకు ఆ శక్తి చాల తక్కువ; పైగా మొప్పలగుండ విషము తిన్నగా నెత్తురులోనికి పోవును. అందుచేత అతిస్వల్ప పరిమాణము కూడ చేపకు మృత్యువే. దోమలకై మనము గదిలో వెలిగించు చుట్టలు, గోడకు తగిలించు ద్రవపు సీసాలు, చీమలకై గీయు సుద్దముక్కలు కూడ చాలవరకు ఈ జాతి మందులే. తొట్టి యున్న గదిలో వీనిని మాని దోమతెర కట్టుకొనుట మేలు.

ఇక శత్రువును తెలిసికొందము. ఫ్లీ నువ్వుగింజకంటె చిన్నది, ముదురు గోధుమవన్నె, ఇరుప్రక్కల నొక్కినట్లుండును, రెక్కలు లేవు గాని వెనుకకాళ్లతో ఎత్తుగా దుముకును. పిడుదు వేరు, అది ఎనిమిది కాళ్లు గలది, చర్మమును కరచిపట్టుకొని యుండునే గాని దుముకదు. పిల్లి బొచ్చులో నల్లని నలుసులు కనబడినచో, వానిని తడిసిన తెల్లగుడ్డమీద రాల్చి చూడుడు. ఎఱ్ఱగా కరగినచో అది ఫ్లీ విసర్జించిన నెత్తురే.

ఆడ ఫ్లీ దినమునకు 20 మొదలు 50 వరకు గ్రుడ్లు పెట్టును. అవి జిగురు లేనివగుటచే పిల్లి పడుకొనిన చోటనెల్ల రాలిపోవును. గ్రుడ్లనుండి వచ్చు సన్నని పురుగులు వెలుతురునకు జడిసి, బొంతల మడతలలోను, బండల సందులలోను దూరి, పెద్దవి విసర్జించిన ఎండునెత్తురు తిని పెరుగును. పిమ్మట దుమ్ము అంటిన గూడు అల్లుకొని అందులో నిద్రించును. ఆ గూటిలోనికి ఏ మందును సరిగా చొరదు. ఎవరైన నడచిన అదరు, ఒంటి వేడి, ఊపిరి తగిలినప్పుడే మేల్కొని వెలుపలికి దుముకును. లేనిచో నెలల తరబడి వేచియుండగలదు. ఇంటనున్న ఫ్లీ సంతతిలో నూటికి ఐదువంతులు మాత్రమే పెద్దవై పిల్లిమీద నుండునని పశువైద్యులు చెప్పుదురు. తక్కిన తొంబదియైదు వంతులు నేలమీదను, పరుపులలోను ఉన్నవన్నమాట. మేము మందు కొట్టి చంపినది ఆ కొద్దిపాటిని; మిగిలినవి పది దినములలో మరల దుమికినవి. ఐదు చేపలను పోగొట్టుకొని మేము గెలిచినది అంతమాత్రమే!

కావున పని మూడు తావుల జరుగవలెను.

మొదటిది పిల్లి, కుక్క. పశువైద్యునికి చూపి, దాని బరువునకు, వయస్సునకు తగిన మందు అడుగుడు. "మా యింట చేపల తొట్టి యున్నది" అని తప్పక చెప్పుడు. కుక్కలకు నోటగుండ ఇచ్చు మాత్రలు కలవు. మందు దేహములోపలనే యుండుటచే తొట్టికి భయము తక్కువ. మెడవెనుక వేయు చుక్కలమందే యిచ్చినచో, అది ఆరువరకు ఆ జంతువును తొట్టి దరికి రానీయకుడు. వేసిన చేతిని సబ్బుతో రుద్ది కడుగక చేపలకు మేత వేయకుడు. పిల్లి తొట్టినీరు త్రాగు అలవాటు గలదైన, తొట్టిపై గట్టి మూత యుండవలెను. కుక్కలకై అమ్ము పెర్మెత్రిన్ మందును పిల్లికి ఎన్నడును వేయరాదు. అది పిల్లికి ప్రాణాంతకము. చిన్నకూనలను వైద్యుడు చెప్పువరకు పేలదువ్వెనతో దువ్వి, చిక్కిన పురుగులను సబ్బునీటిలో ముంచుడు. దీనిని ఉపేక్షింపరాదు, ఎక్కువ ఫ్లీలు పట్టిన కూనలు నెత్తురు తగ్గి పాలిపోయి చచ్చుట కలదు.

రెండవది ఇల్లు. ఇచ్చట చీపురు, వేడినీరు, ఎండ, ఈ మూడే మన ఆయుధములు. పిల్లి పడుకొను గుడ్డలను, దుప్పట్లను 60 డిగ్రీల వేడికి తక్కువగాని నీటిలో వారమున కొకసారి ఉతుకుడు. ఉతుకరాని బొంతలను, పరుపులను మన వేసవి మిట్టమధ్యాహ్నపు ఎండలో తిరుగవేయుచు ఆరవేయుడు. ఎండుటచేతనే గ్రుడ్లును పురుగులును నశించును. నేలను, మంచముల క్రిందిభాగమును, గోడ మూలలను దినము విడిచి దినము ఊడ్చి, ఆ చెత్తను మూతగట్టి అప్పుడే ఇల్లు దాటించుడు. వాక్యూమ్ క్లీనరు గలవారికి పని మరింత సులభము. దాని అదరునకు గూళ్లలోనివి మేల్కొని వెలికివచ్చి అందులోనే చిక్కును. బండల సందులను వేడి సబ్బునీటితో తుడువుడు. రాత్రి చిన్నదీపము క్రింద వెడల్పు పళ్లెములో నీరు పోసి నాలుగు చుక్కల సబ్బు కలిపినచో, వెలుతురునకు దుమికిన ఫ్లీలు అందు మునుగును. పురుగులన్నియు ఇందువలన పోవు గాని, తగ్గుచున్నవో లేదో లెక్క తెలియును. ఈ పనిని ఒక నెలకు తక్కువ గాకుండ సాగింపవలెను. నడుమ మానినచో గూళ్లలోనివి మన శ్రమనెల్ల వ్యర్థము చేయును.

మూడవది తొట్టి. దానికి వాడు బకెట్టు, గుడ్డ, జల్లెడ వేరుగా నుండవలెను. సబ్బు అంటిన బకెట్టు దానిలోనికి పోరాదు. సబ్బు మొప్పలను చెరచును. పంపు ఎక్కడి గాలిని పీల్చుచున్నదో నేడే లేచి చూడుడు.

ఇచ్చట ఒక మాట. "అంగడి మందు వద్దు, వేపనూనె చల్లుదము, పొగాకు కషాయము పోయుదము, నాఫ్తలీన్ ఉండలు వేయుదము" అని పెద్దలు చెప్పుదురు. వేప మనకు తల్లివంటిదే గాని, దాని నూనె నీటిలో కలసిన చేపలకు హానికరము. పొగాకులోని నికోటిన్ చేపకును పిల్లికిని విషము. నాఫ్తలీన్ కూడ అట్టిదే. చెట్టునుండి వచ్చినదంతయు చల్లనిదని నమ్మరాదు. పైన చెప్పిన పైరెత్రము పుట్టినది కూడ పువ్వునందే గదా!

ఇంతచేసినను మందు తప్పనిసరి యైనచో, మందు కొట్టువానిని పిలుచుటకు ముందే చేపలను పొరుగింటికి చేర్చుట ఉత్తమము. తొట్టి కదల్పరానిదైన, ఆ గదిలో మందు కొట్టింపకుడు. ఇతర గదులలో కొట్టించునపుడు పంపును ఆపి, తొట్టిని ప్లాస్టిక్ పట్టాతో గాలి చొరకుండ కప్పి అంచులను అంటింపుడు. కాని కప్పిన తొట్టిలో చేపలు బహుకాల ముండలేవు. ఫైటర్, గౌరామి వంటి చేపలు మన కొఱ్ఱమీనువలె నీటిపైకి వచ్చి గాలి పీల్చునవి గనుక వానికి ఈ పద్ధతి అసలే తగదు. కిటికీలన్నియు తెరచి, వాసన పూర్తిగా పోయి, తడి పూర్తిగా ఆరిన పిమ్మటనే పట్టా తీసి, పంపు నడుపవలెను. పొగవలె గదినంతటిని నింపు మందులను చేపలున్న యింట తలపనైన తలపకుడు.

పొరపాటు జరిగినచో కంగారుపడక, మా యింట మిగిలిన తొమ్మిదింటిని కాపాడిన విధమును అనుసరింపుడు. పంపును ఆపి, మంచి గాలి గల చోటికి మార్చి, గొట్టమును క్రొత్తది వేసి మరల నడుపుడు. తొట్టినీటిలో సగము తీసి, అంతే వెచ్చదనము గల మంచినీరు పోయుడు. మాకు నూతినీరు అక్కరకు వచ్చినది. కుళాయినీరు వాడువారు చేపల అంగళ్లలో దొరకు క్లోరిన్ విఱుగుడు చుక్కలను ఎల్లప్పుడును దగ్గర నుంచుకొనవలెను. వడపోత పెట్టెలో చేపల తొట్టికై అమ్ము క్రొత్త బొగ్గుపలుకులు వేసినచో విషమును కొంత పీల్చుకొనును. మరునాడు మరల నీరు మార్చుడు.

జూన్ నెలలో బడి తెరచిరి. తొట్టిని మరల తరగతిలో బెట్టు దినమున మేము కూడ వెంట వెళ్లితిమి. అంగడికి పోయి అట్టివే మరి ఐదు చేపలను తెచ్చి పోయవచ్చునని ఇరుగుపొరుగు సలహా చెప్పియుండిరి. మాకు మనసొప్పలేదు. ఆ కాగితము మీద ఐదు పేర్లకు గీత గీసి, ఆ బాలిక చేతికిచ్చి, జరిగినది జరిగినట్లు పిల్లలకు చెప్పితిమి. ఆమె చాలసేపు ఏమియు పలుకలేదు. పిదప, "పంపు ఎక్కడ పెట్టాలమ్మా?" అని యడిగినది. పిల్లలందరు కలసి చోటు వెదకి, సుద్దపొడి రాలని కిటికీ ప్రక్కన పెట్టిరి.

భాగవతమున సత్యవ్రతుడు దోసిటిలోనికి వచ్చిన చేపపిల్లను కమండలువులో నుంచి కాపాడిన కథ మనమెఱిగినదే. చేపను తన పాత్రలోనికి తీసికొన్నవాడు దాని నీటికిని పూచీ వహించినవాడే. ఆ పూచీలో గాలి కూడ చేరియున్నదని మేము ఐదు ప్రాణములు పోయిన పిమ్మట తెలిసికొంటిమి. జాబు వ్రాసిన సోదరికి ఆ వెల చెల్లింపకయే తెలియవలెనని మా కోరిక.