కెమెరా సంచి : ఐసు పుట్టలు

మిచిగన్ సరస్సు పక్కన కాపురం పెట్టి, ఫిబ్రవరి సంచికకు చలి గురించి కాక మరి దేన్ని గురించి రాయమంటారు?

మన భాషలో తెల్లారగట్ల కమ్ముకునేదీ మంచే, గడ్డిమీది బిందువూ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే. ఆ సరస్సు ఒడ్డున నిలబడితే ఈ ఒక్క మాట చాలదనిపిస్తుంది.

జనవరి నెలాఖరు ఆదివారం, పులిహోర, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని, మూడు కుటుంబాలం ఇండియానా ఇసుక దిబ్బలకు వెళ్ళాం. 2019లో నేషనల్ పార్కు అయిన చోటే. నీళ్ళమీద గుండ్రటి ఐసు బిళ్ళలు తేలుతున్నాయి. ఒకదానినొకటి రాసుకుని అంచులు పైకి లేస్తాయి. ఇక్కడివారు పాన్‌కేకులంటారు గాని, మాకు దిబ్బరొట్టెలే గుర్తొచ్చాయి.

అసలు విశేషం ఐసు పుట్టలు. ఒడ్డునుంచి సరస్సులోకి ఐసు అరుగులా పేరుకుంటుంది. కెరటాలు దాని కిందికి దూరి, పగుళ్ళలోంచి పైకి చిమ్ముతాయి. చిమ్మిన నీళ్ళూ, ఐసుముక్కలూ చుట్టూ పడి గడ్డకట్టి, అచ్చం నాగులచవితి పుట్టలా లేస్తాయి. కొన్ని మనిషికంటే ఎత్తు. కొసన కన్నం, అందులోంచి ఉండుండి నీళ్ళు. వీటిని ఐస్ వోల్కనోలంటారు.

మాలో ఒకాయన ట్రైపాడ్ భుజాన వేసుకుని పుట్ట దగ్గరికి నడిచారు. ఇసుకా, స్నో కలిసిపోయి ఒడ్డు ఎక్కడ అయిపోయిందో తెలియదు. "ఏమండీ, అది నేల కాదు, వెనక్కి రండి!" అని వాళ్ళావిడ అరుస్తూనే ఉన్నారు. ఆయన రెండు ఫొటోలు తీసి మూడోదానికి జరిగేసరికి, కుడికాలు తొడదాకా దిగిపోయింది. అరుగు లోపల డొల్ల. కింద సరస్సు. బోర్లా పడుకుని పాక్కుంటూ వచ్చారు. మేము ఒడ్డున పడుకుని మఫ్లర్లు ముడివేసి విసిరి లాగాం. లోపలికి జారిపోయి ఉంటే పైకి వచ్చే దారి వెతుక్కోవడం ఎవరి తరమూ కాదు. కారులో హీటరు పెట్టుకుని చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. కాఫీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కాబట్టి నేలమీదే నిలబడండి, 200 ఎం.ఎం. లెన్సు వాడండి. కెమెరా మీటరు తెల్లటి స్నోను బూడిదరంగు చేసేస్తుంది. ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువ వెలుగివ్వండి. రెండో బ్యాటరీ లోపలి జేబులో ఉంచండి. ఇంట్లోకి వచ్చేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టండి, లేకపోతే లెన్సు చెమ్మగిల్లుతుంది.

ఇక తగాదా. ఆ రెండు ఫొటోల్లో ఒకటి నిజంగా అద్భుతం. ఉగాది ప్రదర్శనలో పెట్టాలని ఆయన పట్టు. వద్దన్నాం. ఆ ఫొటో చూసిన మన పిల్లలు అక్కడికే వెళ్ళి నిలబడతారని మా భయం. ఆయన అలిగి వారం రోజులు ఫోన్ చెయ్యలేదు.

ఎనిమిదో రోజున ఇంకో ఫొటో తెచ్చారు. ఫ్రీజర్లో ఐసు ట్రే, అందులో మొలిచిన ముల్లు! డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఒక్కొక్కప్పుడు వస్తుంది. పైన అంచులనుంచి గడ్డకడుతూ చివరికి చిన్న కన్నం మిగులుతుంది. గడ్డకడుతూ ఉబ్బే ఐసు లోపలి నీటిని దానిగుండా పైకి నెడుతుంది, అది గొట్టంలా గట్టిపడుతుంది.

ఆ ఫొటో ప్రదర్శనలో ఉంటుంది. ట్రే మాత్రం వాళ్ళావిడ వెనక్కి తీసేసుకున్నారట.