పోలీసు లేడు గదక్కా!

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో ఎర్రలైటు పడితే నేను స్కూటీ ఆపుతాను. ఆగిన మరుక్షణం నుంచే వెనక హారన్లు. మొన్న ఒక షేర్ ఆటో అతను పక్కకొచ్చి, "ఏందక్కా నిలబడ్నావు? పోలీసు లేడు గదా, పో!" అన్నాడు. కోపంగా కాదు, తెలియనిదానికి చెప్పినట్టు. వెనక కారులోంచి మాత్రం "ఆడోళ్లకు బండ్లిస్తే ఇంతే" అని వినిపించింది.

అంటే లైటు చూసి ఆగడం బండి నడపడం రాకపోవడం! పసుపు లైటు పడగానే ఇంకాస్త గట్టిగా తోలడం నడపడం వచ్చినట్టు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఎర్రలైటు దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది. మొదటిసారికే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ మగవాళ్లకు రంగులు తెలియక కాదు. హైదరాబాదు వెళితే ఇదే కారు కెమెరా కింద బుద్ధిగా ఆగుతుంది. చూసేవాడుంటేనే ఆగాలని వీళ్లెక్కడ నేర్చుకున్నారు? ఎవరూ చూడకపోయినా గీత దాటకూడదని మనకు నేర్పిన ఇళ్లలోనే కదా!

(కాలేజీకి ఆలస్యమై నేనూ ఒకసారి దాటాను. వారం రోజులు సిగ్గుపడ్డాను. ఆ కారతనికి అలాంటి వారం ఒక్కటైనా ఉందా?)

ఎండ అంటారు. నిజమే, మా సీమలో మే నెల 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలోనే నెత్తిన గంపతో ఒకామె రోడ్డు దాటడానికి ఎదురుచూస్తూ ఉంటుంది. బండి మీదున్న వాడికి అర నిమిషం ఎక్కువైపోయింది! ప్రపంచంలో మొదటి సిగ్నల్‌ని 1868లో లండన్ పార్లమెంటు దగ్గర పెట్టినప్పుడు నడిచేవాళ్లు దాటడం కూడా దాని ఉద్దేశమే. మన కూడళ్లలో నడిచే మనిషి లెక్కలోనే లేదు. నడిచేవాళ్లలో ఎక్కువమంది ఎవరో ఒక పూట నిలబడి చూడండి.

కడపలో ఉండే మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏడురోడ్ల కూడలిలో వాహనాలకు ఎర్రలైటు పడ్డాకే రోడ్డు మీదికి దిగింది. బైకులు ఆగలేదు. నడిమధ్యలో, చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. "ముసలామె, చూసుకోవద్దా?" అని ఆమెనే తిట్టారు.

ఇప్పుడు అమ్మ అవతలి వైపున్న మందుల షాపుకి ఆటోలో వెళుతోంది. ఆ ఆటో కూడా ఎర్రలైటుకి ఆగదట.