స్క్రిప్టు చదివేవాళ్లు కావాలి

2018లో సినేస్తాన్ సంస్థ జరిపిన స్క్రిప్టు పోటీలో బిప్లబ్ గోస్వామి రాసిన ‘టూ బ్రైడ్స్’ రన్నరప్‌గా నిలిచింది. న్యాయనిర్ణేతల్లో ఒకరైన ఆమిర్ ఖాన్‌ను ఆ కథ పట్టేసింది. హక్కులు కొని దర్శకురాలు కిరణ్ రావు చేతిలో పెట్టారు. స్నేహా దేశాయ్ స్క్రీన్‌ప్లే, మాటలు రాశారు. 2024 మార్చిలో అది ‘లాపతా లేడీస్’గా విడుదలై, మన దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్లింది.

పోటీలకు, ఫెస్టివళ్లకు పంపితే లాభం ఉంటుందా అని అడిగే కొత్త రచయితలకు ముందుగా చెప్పవలసిన సంగతి ఇదే. మొదటి బహుమతి రాకపోయినా ఆ స్క్రిప్టు సినిమా అయింది, చదవాల్సినవాళ్లు చదివారు గనక. రాజ్‌కుమార్ హిరానీ, జూహీ చతుర్వేది, అంజుమ్ రాజబలి కూడా ఆ జ్యూరీలో ఉన్నారు. రాయడంలోని కష్టం తెలిసినవాళ్లు, సినిమా తీయగలిగినవాళ్లు చదివే పోటీ ఏదైనా సరే, పంపడం మంచిదే.

తెలుగు రచయితకు ఈ అవసరం మరీ ఎక్కువ. మన పరిశ్రమలో కథ చెబుతారు, వింటారు, చదవడం తక్కువ. హైదరాబాద్ కృష్ణానగర్ గదుల్లో ఏళ్ల తరబడి రాసుకున్నదంతా ఒక హీరో ఎదుట గంటో రెండు గంటలో సాగే నేరేషన్‌తో తేలిపోతుంది. గొంతు ఉన్నవాడు గట్టెక్కుతాడు. ‘ఇక్కడ ఆర్ఆర్ లేస్తుంది సార్’ అంటూ నేపథ్య సంగీతాన్ని నోటితోనే వాయించి, బలం లేని సీన్‌ని కూడా నిలబెట్టేవాళ్లున్నారు. నలుగురిలో నోరు పెగలని మనిషి ఎంత బాగా రాసుకున్నా, కాసేపటికే ఎదుటివారి చూపు ఫోన్ మీదికి పోతుంది. రాయాలనుకునే అమ్మాయిలకైతే ఆ గది దాకా చేరడమే కష్టం. పోటీలో గొంతుతో పనిలేదు, పరిచయాలతో పనిలేదు.

కాకపోతే కాగితం మీద మెప్పించడం వేరే విద్య. నేరేషన్‌లో ‘తండ్రి మాట గుర్తొచ్చి కుర్రాడు లోలోపల కుమిలిపోతాడు’ అంటే వినేవారు తలూపుతారు. స్క్రిప్టులో ఆ వాక్యం చూసిన మనిషి మాత్రం కెమెరాకి ఏం కనిపిస్తుందని అడుగుతారు. అప్పుడు దాన్ని కొట్టేసి, కుర్రాడు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కోవడం, తల్లి ఏమీ అనకుండా ఆ కంచం మీద మూత పెట్టడం రాసుకోవాలి. ప్రతి పేజీనీ ఇలా తేల్చుకుని గడువులోగా పంపినవాడికి, బహుమతి రాకపోయినా, చేతిలో బౌండ్ స్క్రిప్టు మిగులుతుంది. మన కుర్రాళ్లలో చాలామంది దగ్గర కథ లైన్ ఉంటుంది, ఇంటర్వెల్ అదిరిపోతుంది. సెకండాఫ్ దగ్గరే ఆగిపోతారు.

పోటీ కంటే ల్యాబ్ మేలు. జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ) 2007లో మొదలుపెట్టిన స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ కొద్ది స్క్రిప్టులనే తీసుకుంటుంది గానీ, అనుభవజ్ఞులు పక్కన కూర్చుని రచయిత చేత మళ్లీ మళ్లీ రాయిస్తారు. 2013లో కాన్ చిత్రోత్సవానికి వెళ్లిన ‘లంచ్‌బాక్స్’, మరుసటి ఏడాది వెళ్లిన ‘తిత్లీ’ ఆ దారిన వచ్చినవే. మన రజనీష్ దోమల్‌పల్లి ‘వనజ’ కూడా కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువులో భాగంగా రూపుదిద్దుకున్నదే; 2007లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ తొలి చిత్రంగా నిలిచింది.

ఇక నెలనెలా అవార్డులు పంచే ‘అంతర్జాతీయ’ ఫెస్టివళ్లున్నాయి. వీటికి థియేటర్ ఉండదు, ప్రేక్షకులుండరు, జ్యూరీ ఎవరో చెప్పరు. డాలర్లలో ఫీజు కట్టిన కొద్దిరోజులకే మీ స్క్రిప్టు ఎంపికైందని మెయిల్ వస్తుంది. సర్టిఫికెట్ పీడీఎఫ్‌లో ఉచితం. ట్రోఫీ కావాలంటే మళ్లీ డబ్బు. పోస్టర్ మీద అతికించుకోవడానికి రెండు ఆకుల కొమ్మల బొమ్మ ఒకటి. బత్తాలో మిగుల్చుకున్న డబ్బులతో అసిస్టెంట్ డైరెక్టర్లు వీటికి ఫీజులు కడుతుంటే కడుపు మండుతుంది. ఆ ఆకులు చూసి ఏ నిర్మాతా కబురు పంపడు. నిరుడు గెలిచినవాళ్లెవరు, వాళ్ల స్క్రిప్టులు ఏమయ్యాయి, ఆఖరి వడపోత ఎవరు చేస్తారు అని ముందే అడగండి. జవాబు లేకపోతే రూపాయి కూడా కట్టకండి.

కథ కొట్టేస్తారన్న భయం సహజమే. అయితే 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో, ‘హమ్ హిందుస్తానీ’ నాటకానికీ ‘న్యూఢిల్లీ’ సినిమాకూ మధ్య తగవు తీరుస్తూ, సుప్రీంకోర్టు తేల్చింది ఇదీ: ఆలోచనకు కాపీరైట్ లేదు, దానికిచ్చిన రూపానికే ఉంది. అంటే టీ తాగుతూ చెప్పేసిన లైన్‌కు రక్షణ లేదు, పూర్తిగా రాసిన స్క్రిప్టుకు ఉంది. 2025లో ‘లాపతా లేడీస్’ మీద కాపీ ఆరోపణ వచ్చినప్పుడు గోస్వామి తాను 2014లో కథాసంగ్రహాన్నీ, 2018లో పూర్తి స్క్రిప్టునూ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించిన సంగతి ముందు పెట్టగలిగారు. హైదరాబాద్‌లో మన సినీ రచయితల సంఘమూ కథలు రిజిస్టర్ చేస్తుంది. ఆ పని అయ్యాకే పంపండి. గెలిచినా ఓడినా హక్కులు నిర్వాహకులవే అన్న షరతు కనిపిస్తే అసలే పంపవద్దు.

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు రెండో బహుమతి వచ్చింది. ఆ తర్వాత బి.ఎన్.రెడ్డి ‘బంగారు పాప’కు ఆయన మాటలు రాశారు. మన పత్రికల కథల పోటీలు, నవలల పోటీలు ఎందరినో రచయితలను చేశాయి. స్క్రిప్టుకు అంతటి పోటీ తెలుగులో ఏది? ఆస్కార్ అకాడమీ ఇచ్చే నికోల్ ఫెలోషిప్పులకు ఇంగ్లీషులోనే రాయాలి. పైగా వేల స్క్రిప్టుల్లో ఏటా ఐదుకు మించి గెలవవు. శ్రీకాకుళం యాస మీద నడిచే సీన్ ఇంగ్లీషులోకి మారితే అందులో ఏం మిగులుతుంది?

ప్రభుత్వాల నంది, గద్దర్ సినిమా అవార్డులు పూర్తయిన సినిమాలకే. ఇంకా తెరకెక్కని తెలుగు స్క్రిప్టుకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చెరొక బహుమతి పెట్టాలని మా కోరిక. రచయిత పేరు తీసేసి తెలుగులోనే చదవాలి. జ్యూరీ పేర్లు ముందే ప్రకటించాలి. ఆఖరి వడపోతకు వచ్చిన ప్రతి స్క్రిప్టుకూ, ఎక్కడ బాగుందో ఎక్కడ కుంటిందో చెప్పే ఒక పేజీ రాసి రచయితకు పంపాలి.