లేపేసినవాడికి చప్పట్లు... లేపినవాడికి తిట్లు!

నెల్లూరు నుంచి చెన్నై వైపు వెళ్తుంటే హైవే మీద తగిలే ఊరు వెంకటాచలం. ఓ పక్క లారీల హోరు. ఇంకో పక్క కృష్ణపట్నం రేవుకు చీలిపోయే రైలుపట్టాలు. కోతలు అయిపోయి, బడులకు సెలవులిస్తే చాలు... ఇటువంటి ఊళ్లలో ఏ చేను చూసినా క్రికెట్ మైదానమే. అక్కడ ఆట మొదలవడానికి ముందే ఓ తగువు ఉంటుంది. ‘ముందు బ్యాటింగ్ ఎవరిది?’ అంటే పది చేతులు లేస్తాయి. ‘బౌలింగ్?’ అంటే ఆరు. ‘కీపింగ్ ఎవర్రా?’ అంటే మాత్రం అందరూ ఆకాశంలోకి చూస్తారు. ఇక అంపైరింగ్ మాట ఎత్తితే... దాహం వేసేవాడొకడు, చెప్పు తెగినవాడొకడు!

చివరికి అందరికంటే చిన్నవాణ్నో, కొత్తగా సెలవులకు వచ్చిన చుట్టాలబ్బాయినో తోసుకొచ్చి వికెట్ల దగ్గర నిలబెడతారు. వాడు ఔటిస్తే బ్యాటింగ్ వాళ్లు ‘ఏందబ్బా, కళ్లు కనపడవా నీకు?’ అని మీద పడతారు. ఇవ్వకపోతే ఫీల్డింగ్ వాళ్లు పడతారు. సాయంత్రం దాకా ఎండలో నిలబడ్డవాడికి దక్కేది ఒక్క పరుగు కాదు, ఒక్క వికెట్ కాదు. తిట్లు మాత్రం రెండు జట్ల నుంచీ సమానంగా వస్తాయి.

ఇప్పుడు ఆ పిల్లల్లో సగంమంది చేను వదిలి అరుగు మీదికొచ్చారు. చేతిలో ఫోను, చెవిలో ఇయర్‌ఫోను. ఆట మారింది. తగువు మాత్రం మారలేదు. కాకపోతే అరుపు ఈ అరుగు మీది నుంచి బయల్దేరి, ఏ గువాహటిలోనో జైపూర్‌లోనో ఉన్న ముక్కూమొహం తెలియని కుర్రాడి చెవిలో పడుతోంది.

పది సెకన్ల పుణ్యం

పబ్జీ సంగతి తెలియని ఇల్లు ఇప్పుడు తక్కువే. 2018లో ఫోన్లలోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ అని పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది. 2022 జులైలో ఇంకోసారి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. పేరేదైనా ఆట తీరు ఒకటే. నలుగురు ఒక జట్టు. ఒకడికి తూటాలు తగిలి బలం అయిపోతే వెంటనే చచ్చిపోడు. మోకాళ్ల మీద పాకుతుంటాడు. జట్టులో ఇంకొకడు వాడి దగ్గరికి వెళ్లి, మీట నొక్కి, దాదాపు పది సెకన్లు కదలకుండా కూర్చుంటే లేచి నిలబడతాడు. దీన్నే పిల్లలు ‘రివైవ్’ అంటారు.

పది సెకన్లంటే వినడానికి ఎంత? కానీ ఆ పది సెకన్లూ లేపేవాడు తుపాకీ పేల్చలేడు. పక్కకు జరగలేడు. శత్రువు కంట పడితే లేచేవాడితోపాటు లేపేవాడూ పోతాడు. అంత తెగించి లేపితే... లేచినవాడు వెనక్కి చూడకుండా పరుగెత్తి ముగ్గుర్ని లేపేసి వస్తాడు. ఆట అయ్యాక అందరూ మాట్లాడుకునేది వాడి ముగ్గురి గురించే. తెలుగులో ‘లేపడం’, ‘లేపేయడం’ అనే రెండు మాటలకూ తేడా ఒక్క అక్షరమే. ఆటలో మాత్రం ఒకడికి చప్పట్లు, ఇంకొకడికి తిట్లు. లేపడం రెండు సెకన్లు ఆలస్యమైందా... ‘నూబ్’ అనే మాటతో మొదలై, అమ్మానాన్నల దాకా వెళ్తుంది వరస.

అసలీ కోపం ఎక్కడ పుడుతుంది? కారణం చిన్నది. కొట్టేవాడి పని చేసినప్పుడు కనిపిస్తుంది. కాచేవాడి పని చెయ్యనప్పుడే కనిపిస్తుంది. వంటింట్లో అమ్మ సంగతి చూడండి. ముప్ఫై రోజులు ఉప్పు సరిపోతే ఆ మాట ఎత్తేవాళ్లు ఉండరు. ముప్ఫై ఒకటో రోజు కాస్త ఎక్కువైతే ఇల్లంతా నోరు తెరుస్తుంది. ఆటలో కాపలాదారుడిదీ అదే బతుకు. పైగా ఓడిపోయినప్పుడు జట్టుకు ఒక దోషి కావాలి. ముందుకెళ్లి పోరాడినవాడు వీరుడు కాబట్టి వాణ్ని ఏమీ అనలేరు. వెనకున్నవాడే దొరుకుతాడు!

1978 నాటి జబ్బు

ఇదేదో నేటి పిల్లల పాపం అనుకుంటే పొరపాటు. ఒకే ఆటలోకి పదిమంది చేరడం 1978 నాటికే ఉంది. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు ‘మడ్’ అనే ఆట తయారుచేశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. అదే బార్టిల్ 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడదీశాడు. గెలుపు కోసం ఆడేవాళ్లు, కొత్త చోట్లు వెతికేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, ఎదుటివాణ్ని ఏడిపించడానికి వచ్చేవాళ్లు. ఆ నాలుగో రకం ఆట పుట్టినప్పుడే పుట్టిందన్నమాట!

తర్వాత 1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’ అనే ఆట వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లకు దారి చూపడానికి, సందేహాలు తీర్చడానికి కొందరు ఆటగాళ్లు జీతం లేకుండా పనిచేసేవారు. ఊళ్లో పెళ్లికి వడ్డనకు దిగిన కుర్రాళ్లలాగా అన్నమాట. అందరికీ వడ్డించేసరికి తమకు మిగిలేది గిన్నె అడుగున మాడే. చివరికి 2000లో వాళ్లలో కొందరు, చేసిన పనికి జీతం ఇమ్మంటూ అమెరికాలో కోర్టు మెట్లెక్కారు.

2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వచ్చింది. అందులో జట్టుకు మూడు రకాలవాళ్లు కావాలి. దెబ్బలన్నీ తన మీదికి లాక్కునే ‘ట్యాంక్’. గాయాలు మాన్పే ‘హీలర్’. శత్రువును చితక్కొట్టే మిగతావాళ్లు. చితక్కొట్టే పనికి జనం బారులు తీరారు. ఆ మొదటి రెండు పనులకే కరువు. ట్యాంక్ ఒక్క అడుగు తప్పు వేస్తే జట్టంతా పోతుంది, తిట్లన్నీ వాడికే. అటువంటి ఉద్యోగం ఎవరు చేస్తారు? 2011కు పరిస్థితి ఎక్కడికొచ్చిందంటే... ఆ సమయానికి ఏ పనికి మనుషులు తక్కువగా ఉంటే, ఆ పనికి ముందుకొచ్చినవాళ్లకు కంపెనీయే అదనపు బహుమతుల సంచీ ఇవ్వడం మొదలుపెట్టింది. కోతల రోజుల్లో కూలీలు దొరక్కపోతే రేటు పెంచినట్టే!

2016లో వచ్చిన ‘ఓవర్‌వాచ్’దీ ఇదే కథ. ఆరుగురి జట్టులో ఐదుగురు కొట్టేవాళ్లుగానే దిగేవారు. ‘నువ్వు హీలర్‌గా మారు’ అంటే ‘నువ్వే మారు’ అని ఆట మొదలవకముందే గొడవ. చివరికి 2019లో కాచేవాళ్లు ఇద్దరు, మాన్పేవాళ్లు ఇద్దరు, కొట్టేవాళ్లు ఇద్దరు అని లెక్క కట్టేశారు. దాంతో కొట్టడానికి వచ్చినవాళ్లు క్యూలో నిమిషాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. మాన్పేవాళ్ల విలువ అప్పుడు తెలిసొచ్చింది.

తిట్టేది ఎవరు?

ఇక్కడే ఓ ఆసక్తికరమైన సంగతి ఉంది. 2009లో మొదలైన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ ఆటలో తిట్లు శ్రుతి మించడంతో, కంపెనీ దానికోసం పరిశోధకులనే నియమించింది. అందరూ ఏమనుకుంటారు? ఎక్కడో కొందరు చెడ్డవాళ్లు ఉంటారు, వాళ్లను ఏరి బయటికి పంపితే సరిపోతుందని. తీరా లెక్క తీస్తే, పొద్దస్తమానం తిట్టేవాళ్లు చాలా కొద్దిమందే. తిట్లలో ఎక్కువ భాగం మామూలుగా బుద్ధిగా ఆడుకునేవాళ్ల నుంచి వస్తోంది! పరీక్షలో మార్కులు తగ్గినవాడు, ఆఫీసులో మాట పడ్డవాడు, వరసగా మూడు ఆటలు ఓడినవాడు... ఆ రోజు చికాకంతా తెచ్చి, ముఖం తెలియని తోటి ఆటగాడి మీద కుమ్మరించేవాడు. అంటే తిట్టేవాడు ఎక్కడో లేడు. మన ఇంట్లో పిల్లాడే కావచ్చు. పిల్లాడి తండ్రి కూడా కావచ్చు!

మందు కూడా వాళ్లే కనిపెట్టారు. రెండు జట్ల మధ్య మాటలు కలిపే సౌకర్యాన్ని తీసెయ్యలేదు. మొదట ఆపి ఉంచి, కావాల్సినవాళ్లు తెరుచుకోవచ్చన్నారు. అంతే! వారం తిరక్కుండానే దుర్భాషలు 30 శాతానికి పైగా తగ్గాయి. మాట్లాడుకోవడం మాత్రం తగ్గలేదు. నోటికి తాళం వెయ్యలేదు, గడియ పెట్టారు. గడియ తీసేలోపు కోపం దిగిపోయింది. 2012లో ఇంకో పని చేశారు. ఆట అయ్యాక తోటి ఆటగాణ్ని మెచ్చుకోవడానికి ఓ మీట పెట్టారు. ఓవర్‌వాచ్‌లోనూ 2018లో అటువంటిదే వచ్చింది.

ఈ పాఠం క్రికెట్‌కూ కొత్తది కాదు. అంపైర్ల మీద నోరు పారేసుకోవడం శ్రుతి మించితే ఆటగాణ్ని మైదానం నుంచే పంపించే అధికారాన్ని 2017లో నిబంధనల పుస్తకంలోనే రాశారు. పెద్దమనుషుల ఆట అని పేరున్నదానికే ఆ గతి పడితే, పేర్లు దాచుకుని ఆడే ఆట సంగతి చెప్పాలా?

కీపర్ సంగతే చూడండి. 2021 నవంబరులో కాన్పూర్ టెస్టులో వృద్ధిమాన్ సాహా మెడ పట్టేసింది. విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్ బదులు కీపర్‌గా దిగాడు. బంతి గింగిరాలు తిరిగే ఆ పిచ్ మీద రెండు క్యాచ్‌లు పట్టాడు, ఒక స్టంపింగ్ చేశాడు. 2023లో నాగపూర్‌లో టెస్టుల్లో అడుగుపెట్టాడు. ఏడు టెస్టులాడాడు. వికెట్ల వెనక అతని పనితనానికి వంక పెట్టినవాళ్లు తక్కువ. చర్చంతా బ్యాటు నుంచి రాని పరుగుల మీదే నడిచింది. ఆపిన బంతులకు స్కోరుబోర్డులో గడి లేదు మరి!

గంటలకు హద్దుంది... మాటకో?

ఇప్పుడు ఇళ్ల సంగతికొద్దాం. ఆన్‌లైన్ ఆట అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేవి రెండే. డబ్బు, టైము. డబ్బుకు చట్టాలొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ పేకాటను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. టైముకూ హద్దు ఉంది. బీజీఎంఐలో 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలన్నారు. మరి మాటకు? రాతలో బూతులను యంత్రం కొంతవరకు పట్టుకుంటుంది. మైకులో, అదీ మన యాసలో, అరిచే అరుపును ఏ యంత్రం పట్టుకుంటుంది? ఇంట్లో చెవులే పట్టుకోవాలి.

ఈ తిట్లు ఎంతదూరం వెళ్తాయంటే, చాలామంది ఆడపిల్లలు గొంతు వినపడకుండా మైకు ఆపేసి, మగపిల్లల పేరు పెట్టుకుని ఆడతారు. కొందరు పిల్లలు తిట్లు తిన్నందుకు ఆట మానేస్తారు. అంతకంటే బాధ ఏంటంటే... ఇంకొందరు ఆట మానరు, తోటివాణ్ని లేపడం మానేస్తారు. ‘నాకెందుకొచ్చిన గొడవ’ అనే మాట పదమూడేళ్లకే నేర్చుకుంటారు. అది ఫోనులో ఆగుతుందా? రేపు రోడ్డు మీద పడిపోయినవాడి దగ్గర బండి ఆపాలా వద్దా అన్నప్పుడు కూడా అదే మాట గుర్తొస్తుంది.

అందుకే పిల్లాడు ఫోను కింద పెట్టగానే ‘ఎంతసేపురా?’ అని గద్దించడంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు అడిగి చూడండి. ‘ఈరోజు ఎవర్ని లేపావు?’, ‘నిన్ను లేపినవాడికి ఏం చెప్పావు?’ మొదట వింతగా చూస్తాడు. నాలుగు రోజులు అడిగితే లెక్క చెప్పడం మొదలుపెడతాడు. ఇంట్లో ఏది అడిగితే దాన్నే పిల్లలు లెక్కపెడతారు. మార్కులు అడిగితే మార్కులు, కిల్స్ అడిగితే కిల్స్!

తిట్లు తింటున్నది మీ పిల్లాడే అయితే మూడు సంగతులు నేర్పండి. ఎదురు తిట్టకుండా ఆ గొంతును మ్యూట్ చెయ్యడం. ఆట అయ్యాక రిపోర్ట్ మీట నొక్కడం. వరసగా రెండు ఆటలు ఓడితే ఫోను పక్కనపెట్టి మంచినీళ్లు తాగి రావడం. బెదిరింపులు, ఫొటోలు పంపమని ఒత్తిళ్ల దాకా వెళ్తే మాత్రం అది ఆట కాదు. ఆ మాటలన్నీ చెరపకుండా భద్రపరిచి, పిల్లల సహాయ నంబరు 1098కో, పోలీసులకో చెప్పాల్సిందే. ‘ఫోను లాక్కుంటారేమో’ అన్న భయంతోనే చాలామంది పిల్లలు ఇంట్లో నోరు విప్పరు. చెప్పినందుకు ఫోను లాక్కోమని ముందే మాటిస్తే సగం పని అయిపోతుంది.

ఇక తిడుతున్నది మీవాడే అయితే... కొట్టకండి, అరవకండి. వాడు ఆ భాష నేర్చుకున్నది ఆటలోనే అన్న నమ్మకం ఉందా? మ్యాచ్ చూస్తూ క్యాచ్ వదిలేసినవాణ్ని, హైవే మీద అడ్డొచ్చిన లారీ డ్రైవర్ని, టోల్‌గేటు దగ్గర ఆలస్యం చేసిన కుర్రాణ్ని ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటున్నారో వెనక సీట్లో కూర్చుని వింటున్నది వాడే కదా!

ఈ ఆదివారం పులుసులో ఉప్పు సరిగ్గా సరిపోతే ఆ మాట పైకి అనేయండి. ఇంట్లో అందరికీ వినపడేలా!