ఒంటరి పెద్దలు: పొరుగువారి మాటకు విలువేది?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ పాత ఊళ్లూ కొత్త కాలనీలూ కలిసిపోయాయి. పిల్లలు అమెరికాలోనో, నగరానికి ఆ చివరో స్థిరపడ్డాక చాలా ఇళ్లలో ఒక్క పెద్ద ప్రాణమే మిగులుతోంది. పొద్దున వేసిన పాలప్యాకెట్ మధ్యాహ్నం దాకా గేటుకే వేలాడుతోందని ముందు గమనించేది పక్కింటివాళ్లే. వాళ్లు ఎవరికి చెప్పాలి? చట్టానికి కొదవ లేదు. 2007 నాటి వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో ట్రైబ్యునల్ పిల్లల నుంచి నెలకు రూ.10,000 దాకా భరణం ఇప్పించగలదు. శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో 2022లో ప్రారంభమైన కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది. కానీ ఇవన్నీ ఆ ఇంట్లోని పెద్దామె నడవగలిగితే, కన్నకొడుకు మీద ఫిర్యాదు రాయడానికి మనసొప్పితే అక్కరకొచ్చేవి.

చేతకానివారి తరఫున, వారు అధికారమిస్తే మరొకరు దరఖాస్తు పెట్టవచ్చని చట్టమే చెబుతోంది. మతిమరుపు మనిషి చేత కాగితం మీద సంతకం పెట్టించుకునే ధైర్యం ఏ పొరుగాయనకుంటుంది? ఔటర్ రింగ్ రోడ్డు దాపున గజం ధర తెలిసిన ఊళ్లో ‘ఇంటి మీద కన్నేశాడు’ అనే మాట పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ‘మనకెందుకులే’ అని ఊరుకుంటారు. అది రాతిగుండె కాదు, భయం. పొరుగువారు చెప్పింది సమాచారంగా తీసుకుని, ఇంటికి వెళ్లి చూసే పూచీ ప్రభుత్వ మనిషిదైతే ఆ భయం పోతుంది. ఒంటరి వృద్ధుల జాబితా పోలీస్ స్టేషన్‌లో ఉండాలనీ, నెలకోసారైనా వెళ్లి పలకరించాలనీ కేంద్రం నమూనా నియమాల్లో ఎప్పుడో రాసింది. జపాన్‌లో వీధివీధికీ ఇలా వెళ్లి పలకరించే సంక్షేమ స్వచ్ఛంద సేవకులు ఉన్నారు, దేశం మొత్తం మీద రెండు లక్షలకు పైనే. మనకూ వార్డుకొకరు పేరుతో, ఫోన్ నంబరుతో ఉండాలి.

పిల్లలుండగా సర్కారుకేం పని అంటారు కొందరు. పిల్లలే లేనివాళ్ల సంగతేమిటి? బాత్రూంలో జారిపడ్డ తల్లిని డల్లాస్‌లోని కొడుకు ఆ పూట లేపగలడా? వృద్ధాప్యంపై దేశవ్యాప్తంగా జరిగిన లాసి సర్వే (2017-18) ప్రకారం దేశంలో 60 దాటినవారిలో దాదాపు 6 శాతం ఒంటరిగానే బతుకుతున్నారు. ఒకరి ఇంట్లోకి తొంగిచూడటం తగదనే అభ్యంతరం మాత్రం తోసేయలేనిది. ఇంటివారు వద్దంటే వెళ్లినవారు తిరిగి వచ్చేయాలి, నెల పోయాక మళ్లీ పలకరించాలి, అంతే. ఇక సిబ్బంది లేరనే జవాబు. ఇల్లిల్లూ తెలిసిన ఆశా కార్యకర్తలున్నారు. ఇప్పటికే మోయలేనంత పని మోస్తున్న వాళ్లకు ఇది ఉచిత సేవగా తగిలించకుండా, విడిగా డబ్బిచ్చి అప్పగించాలి. ఈ ఏర్పాటు జరిగేలోగా పొరుగువారు చేయగలిగింది ఒకటుంది: వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయడం. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు.