కాన్పు మూటలో కార్డు ఉందా?

ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు కదా, అమ్మాయి పుట్టింటికి బయల్దేరింది. సంచిలో చీరలు, గాజులు, పసిబిడ్డకు పాతచీరల పొత్తిగుడ్డలు సర్దారు. పరీక్షల కార్డు మాత్రం అత్తగారింట్లో గూట్లోనే ఉండిపోయింది. అయిదో నెలలో 110/70 ఉన్న బీపీ ఏడో నెలకు 130/84 అయిందన్న సంగతి అందులోనే ఉంది. పుట్టింటి ఊళ్లో నర్సమ్మకు అది తెలిసే వీల్లేదు. ఎనిమిదో నెలలో ముఖం ఉబ్బింది, తలనొప్పి మొదలైంది. 'నెలలు నిండుతాంటే అట్లే ఉంటాదిలేమ్మా' అని సర్దిచెప్పింది తల్లి.

ఏ ఇంట్లోనైనా జరగగల సంగతే ఇది. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు వానలు మొహం చాటేస్తే కుటుంబాలు పత్తి తీతకో, మిరప కోతకో గుంటూరు వైపు వెళ్తాయి. వాళ్లలో గర్భిణులూ ఉంటారు. ఊరు మారితే పరీక్ష ఆగిపోతుంది. బీపీ మాత్రం ఆగదు.

నొప్పి లేని జబ్బు

గర్భిణికి బీపీ 140/90 లేదా అంతకు మించి ఉంటే ఎక్కువ ఉన్నట్టే. పై అంకె, కింది అంకె... ఏది దాటినా లెక్కలోకి వస్తుంది. నాలుగు గంటలు ఆగి మళ్లీ చూసి ఖాయం చేస్తారు. 160/110కి చేరితే మాత్రం ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి చేరాలి.

అయిదో నెల దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ కూడా పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. దీని మూలం మావిలో ఉంది. మావికి రక్తం అందించే తల్లి రక్తనాళాలు తొలి నెలల్లోనే బాగా వెడల్పు కావాలి. అలా కాకపోతే బిడ్డకు చాలినంత రక్తం అందదు. మావి నుంచి విడుదలయ్యే పదార్థాలు తల్లి ఒంట్లోని రక్తనాళాలను దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు, కాలేయం, మెదడు అన్నిటి మీదా ఆ ప్రభావం పడుతుంది. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అన్నది దీన్నే. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరిగితే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

* తగ్గని తలనొప్పి
* కళ్లు మసకబారడం, మెరుపులు కనిపించడం
* పొట్ట పైభాగాన, కుడివైపు డొక్కల కింద నొప్పి
* ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం
* ఆయాసం, మూత్రం తగ్గడం, బిడ్డ కదలికలు తగ్గడం

ఫిట్స్ వస్తే ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. 108కి ఫోన్ చేయండి. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇక్కడ ప్రాణదాత. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులపై జరిగి, 2002లో వెలువడిన అధ్యయనంలో ఇది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించినట్టు తేలింది.

ఉప్పు మానేస్తే చాలా?

చాలదు. ఉప్పు పూర్తిగా మానేసినంత మాత్రాన ఈ జబ్బు రాకుండా పోదు. ఊరగాయలు, అప్పడాలు తగ్గించుకోండి చాలు. సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు కడుపునిండా తినాలి. ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రలు మానొద్దు. వాటిని, ఐరన్ మాత్రలను ఒకేసారి కాకుండా వేర్వేరు వేళల్లో వేసుకోవాలి.

కిందటి కాన్పులో బీపీ వచ్చినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, షుగరో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లు మూడో నెలలోనే డాక్టరుకు చెప్పాలి. అవసరమైతే చిన్న మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. దాన్ని నాలుగో నెలలోపే మొదలుపెడితే మేలు. సొంతంగా మాత్రం వాడకూడదు. గర్భానికి ముందే బీపీ మాత్రలు వాడుతున్నవారు నెల తప్పగానే డాక్టరును కలవాలి. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి బిడ్డకు మంచివి కావు. లాబెటలాల్, నిఫెడిపిన్ వంటివి గర్భిణులకు ఇస్తారు. బీపీ తగ్గింది కదా అని వాటిని మధ్యలో ఆపేయకండి.

ఎక్కడికెళ్లినా వెంటే

బస్సు దిగి ఎండలో నడిచొచ్చి వెంటనే చేయి చాపితే అంకె తప్పు చూపుతుంది. అయిదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, చేతిని గుండె ఎత్తులో ఉంచి చూపించుకోవాలి. మూత్ర పరీక్ష కూడా అడగండి. ప్రతినెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. బీపీ ఎక్కువున్నవారికి కర్నూలు సర్వజన ఆసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో కాన్పు జరిగేలా ముందే మాట్లాడుకోవాలి. భర్త కువైట్‌లో ఉంటే, అర్ధరాత్రి అవసరమొస్తే వెంట ఎవరు వెళ్లాలో ఇప్పుడే అనుకోండి.

బిడ్డ పుట్టగానే గండం గడిచిందనుకోకండి. కాన్పయ్యాక కూడా బీపీ పెరగొచ్చు, ఫిట్స్ రావొచ్చు. మొదటి వారం మరీ జాగ్రత్త. ఆరు వారాలదాకా చూపించుకుంటూనే ఉండాలి. ఇలాంటి తల్లులకు తర్వాతి వయసులో బీపీ, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ కాబట్టి ఏటా ఒకసారి పరీక్ష తప్పనిసరి.

అత్తగారిల్లయినా, పుట్టిల్లయినా, మిరపచేను గట్టయినా ఆ కార్డు అమ్మాయి వెంటే ఉండాలి. మూట కట్టేటప్పుడు పొత్తిగుడ్డల కన్నా ముందు దాన్నే పెట్టండి.