గోపురం సాంచీదే, మోజు మాత్రం కాదు

సంపాదకులకు,

గత సంచికలో రాష్ట్రపతి భవన్‌పై వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. కానీ ఎడ్విన్ లుటియన్స్ మన శిల్పకళపై మోజుతోనే సాంచీ స్తూపాన్ని తలపించే గోపురం కట్టాడనడం ఒప్పుకోలేను. మన పాత కట్టడాలంటే ఆయనకు చిన్నచూపని ఆయన ఉత్తరాలే చెబుతాయి. భారతీయత కనబడాలని పట్టుబట్టింది వైస్రాయ్ హార్డింజ్. అయితే ఒకటి: అయిష్టంగా తీసుకున్నా, తీసుకున్నదాన్ని లుటియన్స్ పాడుచేయలేదు. అలా మన కట్టడాల నుంచి తీసుకున్నదే ముందుకు పొడుచుకొచ్చిన ఆ రాతి చూరు; అది ఢిల్లీ ఎండను, వానను గోడల మీద పడనివ్వదు. అలంకారమని దాన్ని వ్యాసంలో ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం.

హెర్బర్ట్ బేకర్‌తో తగువు ప్రస్తావనే లేకపోవడం మరో లోటు. సచివాలయ భవనాలు బేకర్‌వి. వాటి మధ్య నుంచి పైకెక్కే దారి వాలు వల్ల, విజయ్ చౌక్ నుంచి చూస్తే భవనం చాలావరకు మరుగున పడి గోపురమే కనిపిస్తుంది. లుటియన్స్ జీవితాంతం బేకర్‌ను తిట్టుకున్నాడు గానీ, ఆ వాలుకు ముందే ఒప్పుకుని సంతకం పెట్టింది తానే!

చివరగా, రాష్ట్రపతులు వైస్రాయ్ గదుల్లోనే ఉంటారన్నది పొరపాటు. 340 గదుల భవనంలో ఆ ఆడంబరం నచ్చక, గవర్నర్ జనరల్‌గా వచ్చిన రాజాజీ కొన్ని చిన్న గదులకే పరిమితమయ్యారు. తర్వాతి రాష్ట్రపతులూ ఆ వైపే కాపురమున్నారు. వైస్రాయ్ గదులు విదేశీ అతిథులకు విడిదిగా మారాయి.

- ఒక పాఠకుడు, అనంతపురం